ఎ3 ప్రింటర్ మంచిదే, పేచీ అంతా ‘ఫిట్’తోనే

ఇంట్లో ఎ3 (ఎ4కి రెట్టింపు కాగితం) ఇంక్ ట్యాంక్ ప్రింటర్ పెట్టుకుని కొన్నేళ్లుగా పేపర్ మోడల్స్ కడుతున్నాను, అంటే ముక్కలు కాగితం మీద ప్రింట్ చేసి, కోసి, అంటించి చేసే బొమ్మలు. రంగులు, వేగం, ఇంకు ఖర్చు గురించి ఇప్పటికే బోలెడుమంది రాశారు, ఆ జోలికి పోను. నా గొడవంతా ప్రింట్ విండోలో మనం అడక్కుండానే టిక్ అయి కూర్చుని, పేజీని కాగితానికి సరిపడేలా కుదించేసే ‘ఫిట్’ అనే ఆప్షన్ గురించి.

బిల్లుకో హాల్ టికెట్‌కో అది బాగానే పనికొస్తుంది. మోడల్ కిట్‌కి, అంటే ఆ ముక్కలన్నీ ఉండే పేజీల కట్టకి మాత్రం శని. అమెరికా వాళ్ల కిట్లు చాలావరకు లెటర్ సైజులో, అంటే 215.9 × 279.4 మి.మీ.లో వస్తాయి. మన ఎ4 ఏమో 210 × 297. ఒకటి వెడల్పు, ఒకటి పొడుగు. లెటర్ పేజీని ఎ4లో ‘ఫిట్’ చేస్తే దాదాపు 97 శాతానికి, ఎ4 పేజీని లెటర్‌లో ఇరికిస్తే 94 శాతానికి తగ్గుతుంది. ప్రింటర్ తన మార్జిన్ల కోసం ఇంకాస్త కోత పెడుతుంది.

ఒకసారి 1:33లో, అంటే అసలుదానిలో 33వ వంతు సైజులో, యుద్ధ విమానం కడుతున్నాను. పోలండ్ కార్డ్ మోడల్ విమానాలకి మామూలుగా ఉండే స్కేలే. విమానం ఒంటికి ఆకారమిచ్చే లోపలి రింగుల పేజీలు ముందే ప్రింట్ చేసి, అట్టకి అంటించి, కోసి పెట్టుకున్నాను. ఈలోగా ప్రింటర్ డ్రైవర్ అప్‌డేట్ అయింది. అవుతూ అవుతూ చెప్పాపెట్టకుండా పేపర్ సైజుని లెటర్‌కీ, స్కేలింగ్‌ని ‘ఫిట్’కీ మార్చేసింది. ట్రేలో ఉన్నది ఎ4 కాగితమే. పేజీ చేతిలోకి వచ్చాక ఒకవైపు తెల్ల అంచు కాస్త ఎక్కువ కనిపిస్తుంది, అంతే. పైతొడుగు ముక్కలు కోసి, గుండ్రంగా వంచి, రింగు చుట్టూ తిప్పితే అంచులు కలవవు. 30 మి.మీ. వ్యాసమున్న రింగుకి చుట్టుకొలత 94 మి.మీ. ఉండాలి. నా ముక్క 88 దగ్గర ఆగిపోయింది, పొట్ట మీద బొత్తాలు అందని చొక్కాలాగా. కొలత సరిచూసుకోవడానికి పేజీ మూలన ఇచ్చే 100 మి.మీ. గీత మీద స్కేలు పెడితే 94 కూడా పూర్తిగా లేదు. మొత్తం కిట్ అలాగే తగ్గి ఉంటే విమానం కొంచెం చిన్నదై కుదిరిపోయేది. సగం అలా, సగం ఇలా రావడంతోనే చిక్కు. రెక్కలు, తోక, పైతొడుగు అన్నీ మళ్లీ 200 జీఎస్ఎం మందం కాగితం మీద కొట్టాల్సొచ్చింది. అది సందు చివర స్టేషనరీ షాపులో దొరికే సరుకు కాదు.

అప్పట్నుంచి కొలత మార్చకుండా కొట్టే ‘యాక్చువల్ సైజ్’ పెట్టడం, మొదటి పేజీలో గీత కొలవడం అలవాటైంది. అదీ రెండు దిక్కులా కొలవాలి. మందం కాగితం రోలర్ మీద జారితే పొడవు వైపు మాత్రమే కొలత తగ్గుతుంది.

కొన్న కొత్తలో అంచుల్లేని ప్రింటింగ్‌ని తెగ మెచ్చుకున్నాను. ఫొటోలకైతే ఇప్పటికీ అదే మాట. కానీ కాగితం అంచు దాకా రంగు రావాలని ఆ పద్ధతిలో బొమ్మని కొద్దిగా పెంచి కొడుతుంది. మోడల్‌కి అదీ స్కేలు తప్పడమే.

నన్ను మురిపించింది ఎంత శాతం కావాలో మనమే చెప్పే ‘కస్టమ్ స్కేల్’. 1:48 ప్లాస్టిక్ మోడల్స్ పక్కన పెట్టుకోవడానికి 1:33 కిట్‌ని 1:48కి తగ్గించాలంటే 68.75 శాతం కొట్టాలి. ఎ3 పేజీ అంతా ఆ లెక్కన ఎ4లో సరిగ్గా సర్దుకుంటుంది, చుట్టూ మూడు నాలుగు మి.మీ. మిగులుతుంది కూడా. అదే శాతం మనం చెప్పకుండా ఎ3ని నిండుగా ఎ4కి దించితే 70.7 శాతం వస్తుంది, స్కేలు 1:47 దగ్గర తేలుతుంది. ఒక్కటే ఇబ్బంది: కొలత తగ్గినా అట్ట మందం తగ్గదు. 1 మి.మీ. అట్ట కోసం ఇచ్చిన గాడి 0.7కి కుంచించుకుపోతుంది, కాబట్టి పల్చటి అట్ట వెతుక్కోవాలి.

కొనమంటావా అంటే, నెలకి ఒకటైనా కట్టేవాళ్లకి సరే. అప్పుడప్పుడూ కట్టేవాళ్లకి ఇంకు ఎండిపోవడమే మిగులుతుంది. దగ్గర్లో మాట వినే జిరాక్స్ షాపు ఉంటే, ‘యాక్చువల్ సైజ్’ పెట్టమని పక్కన నిలబడి చెప్పే ఓపికా ఉంటే, ఇంత పెద్ద పెట్టె ఇంట్లోకి తేనక్కర్లేదు. మా ఇంట్లోనైతే అది డైనింగ్ టేబుల్‌లో సగం ఆక్రమించింది.