"లైఫ్‌టైమ్ జీపీఎస్ ట్రాకింగ్" అని లాప్‌టాప్‌తోటి అంటగడ్తున్నరు, పాలమూరోళ్లు జర పైలం

కోపం మీదనే రాస్తున్న, తప్పులుంటే సర్దుకోండ్రి. షాపు పేరు రాయను. "దొంగలు ఎత్తుకపోయినా మేం దొరకవడ్తం" అని ఫ్లెక్సీ కట్టినోడే అంటే మీలో సగం మందికి తెలిసిపోతది.

ముచ్చట చిన్నది. జూన్ 15న మా చెల్లెకు లాప్‌టాప్ కొన్నం, 54 వేలు. దాని మీద "ట్రాకింగ్ – లైఫ్‌టైమ్ – జీపీఎస్" అని ఇంకో 2,499. మొన్న శనివారం హైదరాబాద్ బస్సుల సీటు మీది అరల పెట్టిన బ్యాగు, జడ్చర్ల దాటినంక చూస్తే లేదు. బస్టాండ్ల అడిగినం, డిపోల అడిగినం, లేదన్నరు. దొంగ మీద నాకు అంత కోపం లేదు, వాని పని వాడు చేసుకపోయిండు. నా మంటంతా కౌంటర్ ఎనుక కూసున్నోని మీద.

సోమవారం షట్టర్ లేపంగనే పోయి బిల్లు ముందల పెట్టిన. "అన్నా, లాప్‌టాప్ పోయింది, యాడున్నదో జర చూసి చెప్పు" అన్న. ఎవలిదో ఫోన్‌కు గ్లాస్ అంటిస్తున్నడు. తల ఎత్తలె. బుడగలు పోయేదాంక బొటనవేలుతోటి రుద్దిండు, అయినంక మానిటర్ నా దిక్కు తిప్పిండు.

ఆ తెర మీద నలభై దాంక వరుసలున్నయి. ఒక్కో వరుసల కొన్నోళ్ల పూర్తి పేరు, పక్కన ఫోన్ నంబరు, పక్కన ఒక చుక్క. పచ్చ చుక్కంటే ఇప్పుడు ఆన్‌ల ఉన్నట్టు. మా చెల్లె పేరు ఎతుక్కుంట చేతులు తప్పి ఇంకెవలో అమ్మాయి పేరు నొక్కిండు. మ్యాప్ దగ్గరికొచ్చి ఒక హాస్టల్ గల్లీ కాడ ఆగింది. "ఇది కాదు" అనుకుంట వెనక్కొచ్చిండు, ఏమీ కానట్టే. మా చెల్లె వరుసల బూడిద చుక్క. చివరిసారి కనిపించిన తేదీ జూన్ 29.

కొన్నది జూన్ 15, ఆగింది జూన్ 29. సరిగ్గ పద్నాలుగు రోజులు. చాలా సాఫ్ట్‌వేర్‌లకు ఊరికే వాడి చూడనిచ్చే గడువు అంతనే కదా! 2,499 తీస్కొని ట్రయల్ ఎక్కిచ్చిండు.

"లైఫ్‌టైమ్ అంటివి కదా?"

"సాఫ్ట్‌వేర్ లైఫ్‌టైమే సార్. సర్వర్‌కు రెన్యువల్ ఉంటది. మీరు రాలేదు."

"రెన్యువల్ అని ఎప్పుడు చెప్పినవ్? బిల్లు మీద జీపీఎస్ అని రాసినవ్, అదేది?"

అప్పుడు నవ్విండు చూడుండ్రి. "లాప్‌టాప్‌ల జీపీఎస్ యాడుంటది సార్? మీరు చదువుకున్నోళ్లే కదా!" పక్కన డబ్బాలు సర్దే పోరగాడు సుత నవ్విండు.

జీపీఎస్ అని అమ్మింది వాడు. జీపీఎస్ ఉండదు, అంత కూడా తెల్వదా అని నన్ను అడిగింది కూడా వాడే. మీద మళ్లొక మాట: "ఐదు వేలియ్యుండ్రి, మ్యాక్ అడ్రస్ పెట్టి హైదరాబాద్ టీమ్‌తోని తీపిస్త."

నన్ను నేనే తిట్టుకోవాలె. ఆఫీసుల నలభై సిస్టమ్‌లు చూసుకునేటోణ్ణి, మామూలు లాప్‌టాప్‌ల జీపీఎస్ చిప్ ఉండదని తెల్సినోణ్ణి, బిల్లు మీద జీపీఎస్ అన్న మాట చదివి గూడ "సర్లే" అని ఫోన్ మాట్లాడుకుంట పైసలు కొట్టినోణ్ణి. వాడు నవ్వింది తప్పు కాదేమో!

ఇగ అసలు సంగతి. లాప్‌టాప్ యాడున్నదో తెల్సేది ఎక్కువగా చుట్టుపక్కల వైఫైల నుంచి. అవి దొరకకుంటే ఐపీ అడ్రస్ నుంచి, అంటే నెట్ వాడేటప్పుడు నెట్ కంపెనీ ఇచ్చే నంబరు నుంచి. ఐపీ నుంచి వచ్చే చుక్కను నమ్మొద్దు, మన పాలమూరుల కూసొని నెట్ వాడినా చాలాసార్లు హైదరాబాద్ అనే చూపిస్తది, నెట్ కంపెనీ గేట్‌వే, అంటే మన నెట్ బయటికి పోయే దర్వాజ, అక్కడుంటది కాబట్టి. ఈ పద్ధతులకు షరతులు మూడు: లాప్‌టాప్ ఆన్ కావాలె, నెట్‌కు తగలాలె, లోపల మన అకౌంట్ ఇంకా ఉండాలె. ఈ మూడిట్ల ఒక్కటి లేకున్నా ఎంత పెద్ద "టీమ్" అయినా చేసేదేమీ లేదు.

దొంగ మొదలు చేసే పని ఫార్మాట్. పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ కొత్తగ ఎక్కిస్తే అరగంటల పాతది ఏదీ మిగలదు, షాపోడు ఎక్కిచ్చిన ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ సుత పోతది. ఫార్మాట్ చేసినా బతికేది ఒక్కటుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో మోడళ్లల చాలావాటికి బయోస్‌లనే (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాం, మదర్‌బోర్డు మీదనే ఉంటది) అబ్సల్యూట్ అనే కంపెనీ ముక్క ఉంటది, పాత పేరు కంప్యూట్రేస్. విండోస్ మార్చినా అది మళ్లీ లేచి సాఫ్ట్‌వేర్‌ను ఎక్కిచ్చుకుంటది. కాని లైసెన్స్ కొని యాక్టివేట్ చేస్తేనే. ఎక్కువగా వాడేది పెద్ద కంపెనీలు. బయోస్‌ల "పర్మనెంట్లీ డిసేబుల్" అని ఒకసారి నొక్కితే మళ్లీ లేవదు. మా బిల్లు అడుగున "కంప్యూట్రేస్ సపోర్ట్" అని గూడ రాసిండు మహానుభావుడు. సపోర్ట్ ఉండుడు వేరు, నడుసుడు వేరు.

మ్యాక్ అడ్రస్ ముచ్చట చెప్పి ఐదు వేలు అడిగితే అక్కడికక్కడ లేచిపోండ్రి. మ్యాక్ అడ్రస్ అంటే లాప్‌టాప్ వైఫై కార్డుకు ఉండే నంబరు. అది తగిలిన రౌటర్ దాంకనే కనవడ్తది, దాన్ని దాటి ఇంటర్నెట్‌ల పోదు. ప్రపంచంల ఏ టీమూ దాంతోటి లాప్‌టాప్‌ను ఎతకలేదు. ఐపీ దొరికినా అంతే. ఆ టైంల అది ఎవలికి ఇచ్చిన్రో నెట్ కంపెనీకే తెల్సు, వాళ్లు చెప్పేది పోలీసోళ్లు రాతపూర్వకంగ అడిగితేనే. మొబైల్ నెట్‌ల అయితే ఒకే పబ్లిక్ ఐపీని ఒకేసారి మస్తుమంది వాడుతుంటరు, కాబట్టి నిమిషం, సెకను దాంక టైం ఉండాలె.

"సీఈఐఆర్ల పెట్టు" అని మస్తుమంది సలహా ఇచ్చిన్రు. అది పోయిన మొబైళ్లను బ్లాక్ చేసే సర్కారు పోర్టల్. ఫోన్‌కు ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు, ఐఎంఈఐ, ఉంటేనే పనిచేస్తది. సిమ్ పడని లాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు.

షాపోడు చేసిన ఇంకో పాడు పని ఉంది, దాని మీద ఎవలూ మాట్లాడరు. "మీకు టైం సేవ్ సార్" అని నెట్ తగిలియ్యకుండనే సెటప్ చేసి, "యూజర్" అనే లోకల్ అకౌంట్ (ఆ లాప్‌టాప్‌లనే ఉండేది, మెయిల్‌తోటి సంబంధం లేనిది) పెట్టి, పాస్‌వర్డ్ లేకుండ ఇస్తడు. నేనూ "మంచిదే" అన్న. దాంతోటి ఏమైతదంటే, విండోస్‌ల ఫ్రీగ వచ్చే ఫైండ్ మై డివైస్ పనిచెయ్యదు, దానికి అడ్మిన్‌గ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలె. పాస్‌వర్డ్ లేదు కాబట్టి దొంగ మూత తెరిస్తే చాలు, క్రోమ్‌ల సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నీ వాని ముందలనే. అంటే 2,499కి లేని ట్రాకింగ్ అమ్మి, పైసా ఖర్చు లేని ట్రాకింగ్‌ను వాడే చెడగొట్టిండు. ఒకవేళ వాడు పెట్టింది పనిచేసినా, అకౌంట్ వాని మెయిల్ మీద ఉన్నది. మన లాప్‌టాప్ యాడున్నదో వానికి తెలుస్తది, మనకు తెల్వదు. ఆ హాస్టల్ గల్లీ చుక్క ఇంకా నా కండ్ల ముందలనే తిరుగుతున్నది.

పోలీస్ స్టేషన్‌కు పోతే మొదలు అడిగేది సీరియల్ నంబర్. మా బిల్లుల "లాప్‌టాప్ ఐ5 – 1" అని ఉంది, సీరియల్ లేదు. డబ్బా మీద స్టిక్కర్ ఉంటది కదా అంటే, "డబ్బా ఎందుకు సార్, మోతబరువు" అని వాడే ఉంచుకున్నడు, నేనే ఇచ్చొచ్చిన. సీరియల్ కావాలని ఫోన్ చేస్తే "పాత స్టాక్ రికార్డ్ ఉండదు" అని పెట్టేసిండు. మా చెల్లె ఆగస్టుల ఛార్జింగ్ ప్రాబ్లం అని కంపెనీకి మెయిల్ పెట్టింది, అండ్ల దొరికింది నంబర్. లేకుంటే మా లాప్‌టాప్ రేపు వాళ్ల ముందల టేబుల్ మీద ఉన్నా ఇది మాదే అని చూపెట్టే ఆధారం ఉండకపోతుండె.

నడిచే బస్సుల పోయింది కాబట్టి "మా లిమిట్స్ కాదు" అన్న మాట వినవడ్తది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ జాగల అమల్లకొచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం యాడ జరిగినా ఏ స్టేషన్లనైనా ఫిర్యాదు తీస్కోవాలె, అదే జీరో ఎఫ్‌ఐఆర్. ఆన్‌లైన్ల పంపినా చెల్లుతది, మూడు రోజులల్ల పోయి సంతకం పెట్టాలె. కాపీ ఫ్రీగ ఇయ్యాలె. "పోయింది" అని రాస్తే పోగొట్టుకున్న రసీదు చేతుల పెడ్తరు. దొంగతనమైతే దొంగతనమనే రాయుండ్రి, ఇన్సూరెన్స్ ఉంటే ఎఫ్‌ఐఆర్ అడుగుతరు.

పోయిన గంటల చెయ్యాల్సింది ఫోన్ల నుంచే అయితది. గూగుల్ అకౌంట్ల సెక్యూరిటీ, యువర్ డివైసెస్ తెరిస్తే ఆ లాప్‌టాప్ చివరిసారి ఎప్పుడు, ఏ ఊరి నుంచి వాడిన్రో ఉంటది. మొదలు స్క్రీన్‌షాట్, తర్వాత సైన్ అవుట్. మేము తొందరల మొదలే సైన్ అవుట్ చేసినం, టైం రాసుకోలె. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్ తీసెయ్యాలె. మెయిల్ పాస్‌వర్డ్ మార్చినంకనే బ్యాంకులది మార్చాలె, ఎందుకంటే పాస్‌వర్డ్ రీసెట్ లింకులు చాలావరకు ఆ మెయిల్‌కే వస్తయి.

ఆపిల్ మ్యాక్ ఉన్నోళ్ల సంగతి నయం. ఫైండ్ మై ఆన్ ఉంటే నెట్ లేకున్నా చుట్టుపక్కల ఐఫోన్ల బ్లూటూత్ ద్వారా చుక్క రావచ్చు. కొత్త మ్యాక్‌లల యాక్టివేషన్ లాక్ పడ్తది, చెరిపేసినా మీ పాస్‌వర్డ్ లేకుండ తెరుచుకోదు. కాని "మీ మ్యాక్ దొరికింది, లాగిన్ చెయ్యండి" అని మెసేజ్ వస్తే అది దొంగ పంపిందే అనుకోండ్రి. ఫైండ్ మై లిస్టు నుంచి దాన్ని రిమూవ్ చేస్తే మీ చేతులతోటి మీరే తాళం తీసినట్టు.

కొత్తగ కొనేటోళ్లకు: సెటప్ మీ ముందల, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోటి చేయించుకోండ్రి. సెట్టింగ్స్‌ల ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ఫైండ్ మై డివైస్ ఆన్ చేసి, ఇంటికి పోయినంక ఫోన్ల నుంచి ఒకసారి ఎతికి చూడుండ్రి, చుక్క వస్తున్నదా లేదా. అక్కడనే డివైస్ ఎన్‌క్రిప్షన్ కూడ ఉంటది, డిస్క్‌ల ఉన్నదానికంతా తాళం వేసేది, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి దాచుకోండ్రి. తాళం గట్టిగ ఉంటే దొంగ లోపలికి పోలేక ఫార్మాట్ కొడ్తడు, అప్పుడు చుక్క రాదు, నిజమే. నన్నడిగితే లాప్‌టాప్ పోతే పోనీ, ఫోటోలు, బ్యాంకు వానికి దొరకొద్దు. బిల్లు మీద సీరియల్ రాపిచ్చుకోండ్రి, డబ్బా ఇంటికి తెచ్చుకోండ్రి, అడుగు స్టిక్కర్ ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండ్రి. చుక్క కనవడ్డా మీరే ఆ ఇంటికి పోకుండ్రి, స్క్రీన్‌షాట్ పోలీసోళ్లకు ఇయ్యుండ్రి.

నేనైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసిన, జిల్లా వినియోగదారుల కమిషన్ల గూడ వేస్తున్న. ఐదు లక్షల లోపు దానికి ఫీజు లేదు, రెండేండ్ల దాంక టైం ఉంటది. 2,499 కోసం కాదు, ఆ నవ్వు కోసం.

అదే షాపుల కొన్నోళ్లు ఇది సదవంగనే ఒక పని చెయ్యుండ్రి. ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి మీరు ఎక్కియ్యని ట్రాకింగ్ యాప్ ఏదన్న ఉన్నదా చూడుండ్రి. తీసేద్దామంటే పాస్‌వర్డ్ అడగొచ్చు, అది వాని కాడ ఉంటది. పోయి బతిమిలాడుడు అక్కరలేదు. మీ ఫైళ్లు వేరే కాడ దాచుకొని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ (విండోస్‌ను పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చేది) దించుకొని విండోస్ కొత్తగ ఎక్కియ్యుండ్రి. లాప్‌టాప్‌తోటి వచ్చిన ఒరిజినల్ విండోస్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుకే కట్టి ఉంటది, నెట్ తగలంగనే దానంతట అదే యాక్టివేట్ అయితది. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం వాని షాపుల కొనకుండ్రి.