ముంజేతి మీద కలంకారీ నెమలి: కస్టమ్ టాటూ కొన్నేళ్ల తర్వాత ఎలా ఉంది

టాటూ వేయించుకున్న వారంలోనే రాసే రివ్యూలను నేను పెద్దగా నమ్మను, కొత్తలో ఏదైనా నల్లగా, పదునుగానే కనిపిస్తుంది. నా చేతి మీద నెమలికి నాలుగైదేళ్లు దాటాయి, బైక్ మీద ఎండలన్నీ తిన్నది, కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

హైదరాబాద్‌లో వేయించుకున్నాను. ఫోన్‌లో దాచుకున్న ఎవరిదో టాటూ ఫొటో చూపిస్తే ఆర్టిస్టు మొహమాటం లేకుండా "ఇది ఇంకొకరి కోసం గీసిందండీ, ఇదే మీకు వేయను" అన్నారు. నెమలే ఎందుకు కావాలని అడిగారు. అమ్మమ్మ శ్రీకాళహస్తి కలంకారీ చీర సంగతి చెబితే ఫొటో వద్దు, చీరే తెమ్మన్నారు. పమిట టేబుల్ మీద పరిచి చాలాసేపు చూశారు. కలంకారీని మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో అలా కాదు, వెదురు పుల్లకు గుడ్డ చుట్టి రంగులో ముంచి చేత్తో గీస్తారు, అందుకే గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా సాగుతుంది. ఆ ఆర్టిస్టావిడ పట్టుకున్నది సరిగ్గా అదే. నెమలి చుట్టూ గీతకు లావు సూదులు, లోపల ఈకలకు సన్నవి వాడారు. చూసినవాళ్లు ఇది కలంకారీ కదా అని వెంటనే గుర్తుపడుతున్నారంటే కారణం ఆ గీతే.

అసలు చర్చంతా సైజు దగ్గర జరిగింది. నాకు చిన్నగా కావాలి, పింఛంలో కన్నులన్నీ ఉండాలి. "గుడ్డ మీద ఆగినట్టు చర్మంలో ఇంకు ఆగదండీ, ఏళ్లు గడిచేకొద్దీ కాస్త పాకుతుంది, ఇంత ఇరుకుగా వేస్తే ముద్దైపోతుంది" అని సగం కన్నులు తీసేసి బొమ్మను పెద్దది చేశారు. తీసేసిన ప్రతి గీతకూ కారణం చెప్పారు. చామనఛాయ మీద పసుపు రంగు నిలబడదని అదీ వద్దన్నారు, నలుపు, ఎరుపు మాత్రమే ఉంచారు. ఇప్పుడు ఆ ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి, ఈకలు విడివిడిగా తెలుస్తున్నాయి. ఎరుపు కాస్త వెలిసింది కానీ చీరలోని ఎరుపు కూడా అలాంటిదే, నాకు ఇంకా నచ్చింది.

అంతా బాగుందని మాత్రం చెప్పను. మణికట్టు ముడత దాకా లాగిన తీగ చివర మసకబారింది, నిత్యం ముడుచుకునే చోట అంత సన్న పని ఆవిడ పెట్టకుండా ఉండాల్సింది. స్కెచ్ కోసం చాలా ఎదురుచూడాల్సి వచ్చింది, మెసేజ్‌కు జవాబు ఎప్పుడొస్తుందో తెలియక టెన్షన్. ఇంకో సంగతి, చదరపు అంగుళానికి ఇంత అని చెప్పే రేటులో డిజైన్ గీసే పని, తర్వాత టచప్ కలిశాయో లేదో ముందే అడగండి.

శుభ్రతకు వంక పెట్టలేను. సూదుల ప్యాకెట్ నా ఎదురుగానే చింపారు, ఇంకు చిన్న మూతల్లో పోసి మిగిలింది పారేశారు. హెపటైటిస్ బి, సి లాంటివి శుభ్రం లేని సూదుల ద్వారా కూడా వస్తాయి, ఇది చూడకుండా ఎక్కడా చెయ్యి చాపకండి. స్టెన్సిల్ (బొమ్మ గీతలను చర్మం మీదికి దింపే కాగితం) అతికించాక నన్ను నిలబెట్టి, చెయ్యి వదులుగా వేలాడదీయించి, తిప్పించి చూశారు, చెయ్యి పడుకోబెట్టినప్పుడు నిటారుగా ఉన్న నెమలి మెడ, చెయ్యి తిప్పితే వంకర పోతోందని చెరిపి మళ్లీ అతికించారు. ఆ ఓపికకు ఎంతిచ్చినా ఇవ్వొచ్చు.

మానేటప్పుడు అమ్మ పసుపు రాయమంది, ఆర్టిస్టు అస్సలు వద్దన్నారు, మామూలు సబ్బు, పల్చగా మాయిశ్చరైజర్, అంతే. పొట్టు రాలేటప్పుడు దురద భరించలేం, అయినా గోకకూడదు. మానాక బయటికెళితే సన్‌స్క్రీన్ రాస్తూనే ఉన్నాను. రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు ఏడాది ఆగాల్సి ఉంటుంది, ఈ మాట ఆవిడే ముందుగా చెప్పారు.

రెండో చేతికి కూడా ఆవిడ దగ్గరే అడ్వాన్స్ కట్టాను. ఈసారి చీర అంచులోని లత, మణికట్టుకు బాగా పైనే ఆపమని చెప్పాను.