కుట్లు వేయకముందే ఎక్స్‌రే తీయడం ఎంత మేలు చేసిందో

మా పాపకి వినపడటం కోసం లోపలి చెవిలో ఎలక్ట్రోడ్లున్న తీగ పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేది టేబుల్ మీదే తీసిన ఎక్స్‌రేకి. ఇంప్లాంట్ కంపెనీ గురించి అందరూ అడుగుతారు, దీని గురించి అడిగేవాళ్ళే కనపడరు.

లోపలి చెవిలో కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. ఎలక్ట్రోడ్ తీగను అందులోకి మెల్లగా తోస్తారు. లోపలికి వెళ్ళాక అది ఎలా కూర్చుందో డాక్టర్ కంటికి కనపడదు. పాపకి తీగ పెట్టగానే ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) ఇంపిడెన్స్, అంటే ఎలక్ట్రోడ్లలో కరెంటు సరిగ్గా వెళ్తుందా లేదా అన్నది, చూశారు, అన్ని ఎలక్ట్రోడ్లూ బాగున్నాయనే వచ్చింది. అయినా సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే మెషిన్ తెచ్చి ఎక్స్‌రే తీశారు. చూస్తే తీగ కొస వెనక్కి మడతపడి ఉంది! దీన్ని టిప్ ఫోల్డోవర్ అంటారని తర్వాత డాక్టర్ చెప్పారు. లోపలి గోడకి దగ్గరగా ఉండేలా ముందే వంపు పెట్టి చేసిన తీగల్లో ఇది ఎక్కువట. తీగ తెగలేదు కాబట్టి కరెంటు పరీక్షలో తేడా తెలియకపోవచ్చు. కానీ మడత దగ్గర ఎలక్ట్రోడ్లు ఒకదాని పక్కన ఒకటి చేరి, వేరువేరుగా వినపడాల్సిన స్వరాలు కలగలిసిపోతాయి. డాక్టర్ తీగ బయటికి తీసి, మళ్ళీ పెట్టి, ఇంకో ఎక్స్‌రే తీసుకున్నాకే కుట్లు వేశారు. అంతా ఒకే మత్తులో అయిపోయింది. ఇదే ఇంప్లాంట్‌ని స్విచ్ ఆన్ చేసిన తర్వాత బయటపడి ఉంటే అంత చిన్నపిల్లకి మళ్ళీ ఆపరేషన్! తలుచుకుంటేనే గుండె దడ.

ఐదుకి నాలుగే ఇస్తున్నాను. ఎక్స్‌రే తీస్తామని మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తర్వాత విని రేడియేషన్ అని చాలా టెన్షన్ పడ్డాం. సీటీ స్కాన్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఇంకొకటి, తీగ స్కాలా టింపనీ అనే కింది గదిలోనే ఉందా, పొర చీల్చుకుని పై గదిలోకి వెళ్ళిందా అన్నది మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా తెలియదు. అందుకు కోన్ బీమ్ సీటీ అనే 3డీ స్కాన్ మేలు. థియేటర్‌లోనే వాడగలిగే మెషిన్లు ఉన్నాయి గానీ మాకు చేసినచోట లేదు. కాస్తో కూస్తో సహజ వినికిడి మిగిలి ఉన్నవాళ్ళు దీని గురించి తప్పకుండా అడగండి.

డిశ్చార్జ్ అప్పుడు ఆఖరి ఎక్స్‌రే కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. తర్వాత మ్యాపింగ్‌లో (ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు ఇవ్వాలో సెట్ చేసేటప్పుడు) ఏ ఎలక్ట్రోడ్ అయినా తేడా చేస్తే పోల్చి చూడటానికి పనికొస్తుంది.