పర్లాకిమిడిలో బంతులు కుట్టే దుకాణం

మా బడి ఫుట్‌బాల్ కుట్లు విడిపోతే ఇక్కడికే తెచ్చాను. మైనం రాసిన దారానికి రెండు కొసలా సూదులు పెట్టి, ఎదురెదురుగా లాగి కుట్టారు. ముడి లోపలికి పోయింది, వేలికి తగలదు.

గోడ మీద చునీ గోస్వామి ఫొటో. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన సారథ్యంలో, హైదరాబాదీ రహీమ్ గారి శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అదే మనిషి 1966లో ఇండోర్‌లో వెస్టిండీస్‌పై 8 వికెట్లు తీశాడు, తర్వాత బెంగాల్‌ను రంజీ ఫైనల్‌కు నడిపించాడు! సూది ఆపకుండానే దుకాణం పెద్దాయన ఇదంతా మా పిల్లలకు తెలుగులో, ఒడియాలో చెప్పారు. వాళ్లు కదిలితే ఒట్టు.

బ్యాట్లు తక్కువే. సోమవారం ఇస్తామన్న బంతి బుధవారం అందింది. పోటీలుంటే ముందే ఇవ్వండి.