మొదటి గిటార్‌గా యమహా సి40: ఆరు నెలల వాడకం తర్వాత

నలభై ఏళ్లు దాటాక, సరళీ స్వరాలు కూడా రాని నేను గిటార్ నేర్చుకోవాలనుకున్నప్పుడు, చౌకగా వస్తోందని ఆన్‌లైన్‌లో ఒక స్టీలు తీగల గిటార్ తెప్పించుకున్నాను. దాని తీగలు మెట్లకు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకు) ఎంత ఎత్తులో ఉండేవంటే, పది నిమిషాలు నొక్కేసరికి వేలికొసల మీద గాట్లు పడి, మర్నాడు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమయ్యేది. రెండు నెలలకే అది అటకెక్కింది.

ఆ తర్వాత కొన్నదే ఈ యమహా సి40. ఇది క్లాసికల్ గిటార్. మూడు సన్న తీగలు ఉత్త నైలానువి, మూడు మంద్ర తీగలకు పైన సన్నని లోహపు చుట్టు ఉంటుంది. బిగువు తక్కువ కాబట్టి వేలికి బాధ తక్కువ. మొదటి వారంలోనే ఇ మైనర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) కోసం, సన్న తీగ నుంచి లెక్కిస్తే అయిదో, నాలుగో తీగలను రెండో మెట్టు దగ్గర రెండు వేళ్లతో నొక్కి, ఆరు తీగలూ ఒక్కసారి మీటితే, ఒక్కటీ బరబరలాడకుండా గది నిండా మోగింది. ఆ రోజు నేను గిటార్ కింద పెట్టలేదు.

కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లపాటు సాగుతూనే ఉంటాయి. పది రోజులు రోజుకు మూడుసార్లు శ్రుతి చేయాల్సి వచ్చింది. అది లోపం కాదు, తీగ స్వభావం. అయితే వీటిని తీసేసి స్టీలు తీగలు మాత్రం ఎన్నడూ బిగించకండి, ఆ లాగుడుకు బ్రిడ్జ్ (గిటార్ పెట్టె మీద తీగలను పట్టి ఉంచే చెక్క) లేచిపోయే ప్రమాదం ఉంది.

అసలు ఆలోచించవలసింది మెడ వెడల్పు గురించి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర ఇది 52 మిల్లీమీటర్లు. మామూలు స్టీలు తీగల గిటార్లకు 43 దాకా ఉంటుంది. తీగల మధ్య ఎడం ఉండడం వల్ల సి కార్డ్ పట్టినప్పుడు చూపుడు వేలు పక్క తీగకు తగలక మొదటి తీగ స్పష్టంగా పలుకుతుంది. అదే వెడల్పు, చూపుడు వేలితో ఆరు తీగలనూ అదిమి పట్టవలసిన ఎఫ్ కార్డ్ దగ్గర నా పొట్టి వేళ్లకు ఇప్పటికీ పరీక్షే.

నాదం మెత్తన. ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గట్టిగా వాయిస్తూ పాడాలనుకునేవారికి ఇది చాలదు. పదేళ్లలోపు పిల్లలకైతే ఇదే రకంలో చిన్నదైన సిఎస్40 చూడండి. ఏది కొన్నా, ముందు కొట్లోనే కూర్చుని మొదటి మెట్టు దగ్గర మీ చూపుడు వేలు ఆరు తీగల మీదా చాచి చూసుకోండి.