జీహెచ్‌సీఐలోంచే ఎడిటర్: రెండు నెలలు వాడాక

నా లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. పెద్ద ఎడిటర్ తెరిచి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాద్దామంటే ఫ్యాన్ మోతే తప్ప పని సాగేది కాదు. అందుకే ఒక టెర్మినల్‌లో విమ్ అనే తేలికపాటి ఎడిటర్, ఇంకో టెర్మినల్‌లో హాస్కెల్ కోడ్‌ను అక్కడికక్కడే నడిపి చూసే జీహెచ్‌సీఐ (GHCi) పెట్టుకుని అటూ ఇటూ తిరిగేదాన్ని. సేవ్ చేయడం మరిచిపోయి పాత కోడ్‌నే పది నిమిషాలు పరీక్షించిన రోజులున్నాయి.

ఇప్పుడు జీహెచ్‌సీఐ ప్రాంప్ట్‌లోనే కోలన్, దాని పక్కన ఇంగ్లిష్ ‘e’ అక్షరం (:e) కొట్టి ఎంటర్ నొక్కుతున్నాను. చివరగా లోడ్ చేసిన ఫైల్ విమ్‌లో తెరుచుకుంటుంది. సేవ్ చేసి బయటికొస్తే మాడ్యూల్, అంటే ఆ ఫైల్‌లోని కోడ్, దానంతటదే రీలోడ్ అవుతుంది. రీలోడ్ కోసం కోలన్ ఆర్ (:r) కొట్టే పనే లేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల సగటు తీసే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. మొత్తాన్ని లెంగ్త్‌తో (లిస్టులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఫంక్షన్) భాగించాను, టైప్ ఎర్రర్, అంటే విలువల రకాలు కుదరని తప్పు, వచ్చింది. లెంగ్త్ ఇచ్చేది ఇంట్ (పూర్ణాంకం), ఆ భాగహారం గుర్తు ఇంట్‌కు పనిచేయదు. కోలన్ ఈ (:e) కొట్టగానే కర్సర్ తిన్నగా తప్పున్న 23వ లైన్ మీదికే వెళ్ళి నిలబడింది. పూర్ణాంకాన్ని వేరే రకం సంఖ్యగా మార్చే ఫ్రమ్‌ఇంటిగ్రల్ చేర్చి బయటికొచ్చాను, లోడ్ అయిపోయింది. లైన్ నంబర్ వెతుక్కునే లోపు జారిపోయే ఆలోచన, ఇక్కడ జారిపోలేదు. క్లాసులో బోర్డు మీద తప్పు పడిన చోటే వేలు పెట్టి చూపిస్తే పిల్లలు ఎంత త్వరగా దిద్దుకుంటారో నాకు తెలుసు.

మార్చింది వద్దనుకుంటే విమ్‌లో కోలన్ సీక్యూ (:cq) అని బయటికి రావచ్చు. అప్పుడు రీలోడ్ జరగదు.

ఇబ్బందులూ ఉన్నాయి. విమ్ స్క్రీన్ మొత్తం ఆక్రమిస్తుంది కాబట్టి ఎర్రర్ మెసేజ్ కనపడదు. పొడవాటి టైప్ ఎర్రర్ అయితే ముందే నిదానంగా చదువుకోవాలి. రీలోడ్ అయితే ప్రాంప్ట్‌లో లెట్‌తో పెట్టుకున్న పేర్లన్నీ పోతాయి. పన్నెండు మంది పిల్లల మార్కుల లిస్టు అలా రెండుసార్లు పోయాక దాన్ని ఫైల్‌లోకే మార్చాను. వీఎస్ కోడ్ లాంటిది వాడేవాళ్ళు, ఫైల్ మూసేదాకా ఆగమని చెప్పే వెయిట్ ఆప్షన్ (--wait) కూడా ఇవ్వాలి, లేకపోతే మీరు ఒక్క అక్షరం మార్చకముందే రీలోడ్ అయిపోతుంది.

పది ఇరవై ఫైళ్ళున్న ప్రాజెక్టుకు ఇది చాలదనే అనుకుంటున్నాను. ఒకటి రెండు ఫైళ్ళతో హాస్కెల్ నేర్చుకునేవాళ్ళు మాత్రం తప్పకుండా వాడండి. ఏ ఎడిటర్ కావాలో ఎడిటర్ (EDITOR) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే సిస్టమ్‌లో ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగ్‌లో, చెప్పాలి. విండోస్‌లో ఏమీ చెప్పకపోతే నోట్‌ప్యాడ్ వస్తుంది. నేనైతే హోమ్ ఫోల్డర్‌లో, జీహెచ్‌సీఐ మొదలవగానే చదివే డాట్ జీహెచ్‌సీఐ (.ghci) ఫైల్‌లో కోలన్ సెట్ ఎడిటర్ విమ్ (:set editor vim) అని ఒక్క లైన్ రాసుకున్నాను. రెండో టెర్మినల్ తెరిచి చాలా రోజులైంది.