పెట్రోల్ కొట్టించగానే మొరాయించే కారు: ఫ్యూయల్ పంపు మార్చాలా, పర్జ్ వాల్వ్ చూడాలా?

బంకులో డబ్బు కట్టి, ట్యాంక్ మూత బిగించి, తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. వెనక ఆటోవాళ్లు హారన్ మీద చెయ్యి తీయరు. మూడోసారికి దగ్గుతూ, వణుకుతూ లేస్తుంది, కారు నిండా పెట్రోల్ వాసన. మర్నాడు పొద్దున మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్! ఉప్పల్ రోడ్డు మీది బంకులో మా పాత హ్యాచ్‌బ్యాక్ రెండు నెలలు ఇదే ఆట ఆడించింది.

మా బావ తప్పంతా బంకు మీదకు తోశాడు: "కల్తీ పెట్రోల్ రా, ట్యాంక్ దించి కడిగించు." కాలనీ షెడ్డులో మెకానిక్ "పంపు వీక్ అయింది సార్" అన్నాడు, అంటే ట్యాంకులోంచి ఇంజన్‌కు పెట్రోల్ తోసే ఫ్యూయల్ పంపు. ట్యాంకులో లేచే ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ పేరు ఇద్దరూ ఎత్తలేదు. నన్నడిగితే ముందు చూడాల్సింది దాన్నే. ఇదంతా పెట్రోల్ కార్ల సంగతి. డీజిల్ బండికి ఈ గొడవ లేదు.

బావ మాట ఎందుకు నిలవదంటే, అప్పుడే పోసిన పెట్రోల్ ఇంజన్ దాకా రావాలంటే ముందు పైపులో ఉన్న పాత పెట్రోల్ అయిపోవాలి. బంకులోనే, పోసిన నిమిషానికే మొరాయించిందంటే ఆ క్షణాన ఇంజన్ తాగుతున్నది పాతదే. వానాకాలంలో బంకు ట్యాంకులోకి నీళ్లు దిగడం నిజంగానే జరుగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుక్కి చేరతాయి. కానీ అలాంటప్పుడు బండి స్టార్ట్ అయి, కొంత దూరం పోయాక జర్కులు కొడుతుంది, పికప్ పోతుంది. అనుమానముంటే బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ చూపించమని అడగొచ్చు, అది మన హక్కు. ట్యాంక్ దించడం మాత్రం చివరి మాట.

ఇక మిగిలినవి పంపు, పర్జ్ వాల్వ్. వీటిని విడదీయడానికి పైసా ఖర్చు లేదు.

పంపు దగ్గర పెట్రోల్ వెనక్కి జారకుండా ఆపే వేరే వాల్వ్ (చెక్ వాల్వ్) ఉంటుంది, అది కారితే ఇంజన్ ఆపాక లైన్‌లో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే పంపు ప్రెషర్ నింపుతుంది, బండి ఇట్టే లేస్తుంది. ఇంకో మాట: పంపు దోషమైతే పెట్రోల్ కొట్టించిన రోజే ఎందుకు? కూరగాయలకని పది నిమిషాలు ఆపినా అదే వేషం వేయాలి కదా.

పర్జ్ వాల్వ్ కథ వేరు. ట్యాంకులో లేచే ఆవిరి బొగ్గు గింజలుండే క్యానిస్టర్‌లోకి పోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఈ పర్జ్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా తెరిచి ఆ ఆవిరిని లోపలికి లాగి కాల్చేస్తుంది. కరెంట్ లేనప్పుడు వాల్వ్ మూసుకునే ఉండాలి. అది తెరిచి ఇరుక్కుపోతే, పెట్రోల్ పోస్తున్నప్పుడు లేచే ఆవిరి నేరుగా ఇంజన్ గొంతులోకి చేరుతుంది. మీరు సెల్ఫ్ కొట్టేసరికి గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ. ఇలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఆగి, గాలి ఎక్కువగా వెళ్లి బండి లేస్తుంది. లేవగానే కాలు తీసేయండి. తాళం ఆటకు లొంగితే పంపు వైపు, యాక్సిలరేటర్‌కు లొంగితే వాల్వ్ వైపు అనుమానం తిప్పొచ్చు.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించడం తప్పు కాదు. పర్జ్ లోపాన్ని చూపే పీ0441, పీ0496 లాంటి కోడ్ వస్తే పని సులువు. మా బండిలో ఒక్క కోడూ రాలేదు. "అంతా ఓకే అన్నా" అని కుర్రాడు డబ్బులు తీసుకున్నాడు. వాల్వ్ కొంచెమే కారుతుంటే అది కోడ్ దాకా రాకపోవచ్చు.

అసలు పరీక్ష ఇంటి దగ్గర, ఇంజన్ చల్లారాక చేయాలి; దగ్గర్లో సిగరెట్, నిప్పు ఉండకూడదు. వాల్వ్ ఊడదీసి, కరెంట్ ఇవ్వకుండా ఒక చిన్న శుభ్రమైన పైపుతో ఊదండి. పీల్చొద్దు. గాలి దూరిందా, దొంగ దొరికినట్టే. తర్వాత తెల్ల కాగితం మీద తట్టి చూడండి. నల్లటి బొగ్గుపొడి రాలితే క్యానిస్టర్ కూడా పాడైనట్టు. అదే పొడి కొత్త వాల్వ్‌నూ ఇరికిస్తుంది.

నా కాగితం మీద పొడి రాలింది. కారణం నేనే. నాజిల్ టక్కున కట్ అయ్యాక కూడా "రౌండ్ ఫిగర్ చేసెయ్ అన్నా" అనడం నాకు ఏళ్లనాటి అలవాటు. అలా నింపితే ద్రవమే క్యానిస్టర్‌లోకి పోయి బొగ్గు పాడవుతుంది.

పంపు అసెంబ్లీ ఖర్చులో చిన్న వంతుకే వాల్వ్ వస్తుంది. పాతది చేతిలో పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని స్పేర్ పార్ట్స్ షాపులకు వెళ్లి, పార్ట్ నంబర్ కలిపి చూసుకుని తెచ్చుకున్నాను. క్యానిస్టర్ మాత్రం షెడ్డులోనే మార్పించాను, అది బండి కింద వెనకవైపు ఉండడంతో నాకు చేయి అందలేదు.

ఆ తర్వాత అదే బంకులో, అదే ఆటోల ముందు, ఒక్క సెల్ఫ్‌కే లేచింది. పక్క సీట్లోంచి బావ అన్నాడు: "చూశావా, వీళ్లు ఇప్పుడు మంచి పెట్రోల్ పోస్తున్నారు."